మూడు షిఫ్టుల కోచింగు

మా బోణిపేట జూట్ మిల్లు ఫుట్‌బాల్ జట్టు ఓడిపోతూ ఉండటానికి కారణం కోచ్ అని ఊరు ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది. నేను పుట్టి బుద్ధెరిగాక మా ఊరు ఒక్క మాట మీద నిలబడటం అదే మొదటిసారి. అందుకే ఇది సాయంత్రం దాకా ఆగదులే అనుకున్నాను. ఆగలేదు. కోచ్‌ని పీకెయ్యాలన్నంతవరకూ అందరూ అన్నదమ్ములే. పీకేశాక ఆ కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టాలన్న ప్రశ్న రాగానే మిల్లు గేటు ముందు టీకొట్టులో ఉన్న మూడు బల్లలూ మూడు దేశాలయ్యాయి.

ముందు నేనెవర్నో చెప్పాలి. మిల్లు గ్రౌండులో మైకు పట్టుకుని ఆట చెప్పేది నేనే. పేరు జగ్గారావు. బంతి ఎవరి కాలి దగ్గరుందో కళ్ళెదుట కనబడుతున్నా సరే, నేను చెప్పేదాకా మావాళ్ళు నమ్మరు. మైకు లేనప్పుడు కూడా మైకులో మాట్లాడినట్టే మాట్లాడతానని మా ఇంటావిడ ఫిర్యాదు. పోనీండి, ఆవిడ గొడవ ఇక్కడెందుకు.

మా మిల్లు మూడు షిఫ్టుల్లో నడుస్తుంది. పొద్దుటిది ఎ షిఫ్టు, మధ్యాహ్నానిది బి షిఫ్టు, రాత్రిది సి షిఫ్టు. ఎవరి షిఫ్టువాళ్ళు వాళ్ళతోనే టీ తాగుతారు, వాళ్ళతోనే చీట్లాడతారు, పిల్లల్ని కూడా వాళ్ళలోనే ఇచ్చి పుచ్చుకుంటారు. మరి ఫుట్‌బాల్ మీద అభిప్రాయాలు మాత్రం షిఫ్టు దాటి ఎందుకు పోతాయి?

ఎ షిఫ్టువాళ్ళకి రిటైరైన డ్రిల్లు మాస్టారు దాలినాయుడు గారు కావాలి. “బంతి ముందుకెల్తేనే గోలు. ఎనక్కెల్తే ఏటొస్తాది, మట్టి!” అని వాళ్ళ వాదన. బి షిఫ్టువాళ్ళకి నేత విభాగంలో కూలీల మీద పెత్తనం చేసే సర్దారు సన్యాసిరావు కావాలి. “మనం గోలెయ్యకపోయినా పరవాలేదు, ముందు ఏయించుకోకుండా ఉండండ్రా బావూ!” అని వాళ్ళ బాధ. సి షిఫ్టువాళ్ళు రాత్రంతా మెలకువగా ఉంటారు కాబట్టి కేంటీన్ టీవీలో విదేశీ మ్యాచులన్నీ చూసేస్తారు. ఆ టీవీ పెట్టేవాడు కోటిలింగం, పగలు ఈ టీకొట్టులోనూ పనిచేస్తాడు. వాళ్ళకి వాడే కావాలి.

“మీ రెండు బల్లలోళ్ళూ పాతకాలం మనుసులు,” అన్నాడు కోటిలింగం టీ గ్లాసులు కడుగుతూ. “ఇప్పుడు ఆట గోల్‌కీపరు కాలి కాడ్నించి మొదలవతాది. విదేశాల్లో అలగే ఆడతన్నారు.”

“మన కీపరు కాలికి బంతి తగిల్తే అది ఎల్లి రోడ్డు మీద పడతాది కదేటి?” అని అడిగాడు బి షిఫ్టు బల్ల మీంచి ఒకడు.

“అదే మరి! కోచింగు లేక.”

ఈ వాదన నాకు వినోదంగానే ఉండేది, మా తవిటినాయుడు మధ్యలో లేకపోతే. తవిటినాయుడు జట్టుకి కెప్టెను, మా చెల్లెలి కొడుకు. మగ్గం మీద బద్లీ మనిషి. బద్లీ అంటే, పర్మినెంటు మనిషి రానినాడు పిలుస్తారు, వచ్చిననాడు ఇంటికి పొమ్మంటారు. “జట్టు నిలబడితే నిన్ను పర్మినెంటు చేస్తాం” అని చెప్పి మిల్లువాళ్ళు ఏళ్ళ తరబడి వాడిచేత బంతి తన్నిస్తున్నారు. ఈ సీజన్లో జిల్లా లీగు అట్టడుగున మిగిలితే జట్టునే ఎత్తేస్తామని కలకత్తా హెడ్డాఫీసు తేల్చి చెప్పేసింది. జట్టు పోతే మావాడు జన్మంతా బద్లీయే. మా చెల్లెలు ఆ బెంగతో చిక్కి సగమైంది.

“ఎవర్ని కోచ్‌గా ఏస్తే బాగుంటాదిరా?” అని అడిగితే వాడు నవ్వాడు. “ఎవురైతే ఏటి మావా, బంతి నాకిమ్మను, సాలు.” వాడి మాటలు ఎప్పుడూ అంతే.

మిల్లు వెల్ఫేర్ ఆఫీసరు భుజంగరావు గారు మూడు షిఫ్టుల ప్రతినిధుల్నీ సమావేశానికి పిలిచారు. నన్ను కూడా పిలిచారు, మైకు కోసం. హాల్లో ఉన్నది ఇరవైమందే, ఐనా మైకు లేకుండా ఆయన నోరు తెరవరు. పాత కోచ్ అప్పటికే రాజీనామా చేసి బస్సెక్కాడు. వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుని “మీకు ఓపిక ఎక్కువండీ” అన్నాడు. ఎందుకన్నాడో అప్పుడు బోధపడలేదు.

“మిత్రులారా! అభిమానుల మనోభావాలు యాజమాన్యానికి ముడిసరుకుతో సమానం,” అని మొదలుపెట్టారు భుజంగరావు గారు. “ఒక షిఫ్టు కోరిన వ్యక్తిని నియమించినచో మిగతా రెండు షిఫ్టులలో ఉత్పత్తి కుంటుపడే అవకాశం దృష్ట్యానూ, పారిశ్రామిక శాంతి దృష్ట్యానూ, సమన్యాయం దృష్ట్యానూ...”

“ఇంతకీ ఎవుర్ని ఏస్తన్నారు బావూ?” అని అరిచారెవరో.

“ముగ్గురినీ.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“ఒకే మగ్గాన్ని మూడు షిఫ్టులలో ముగ్గురు నడపటం లేదా? వచ్చే గోనె ఒకటే కదా? అట్లే ఆట తొంభై నిమిషాలు. షిఫ్టుకి ముప్ఫై. ఎ షిఫ్టు కోచ్ ప్రారంభించును, బి షిఫ్టు కోచ్ కొనసాగించును, సి షిఫ్టు కోచ్ ముగించును. ఆట నిరంతరాయంగా సాగును.”

చప్పట్లు మోగిపోయాయి. మూడు షిఫ్టులవాళ్ళూ గెలిచాం అనుకుంటూ ఇళ్ళకి పోయారు. నాకు మాత్రం పాత కోచ్ అన్న మాట ఇప్పుడు బోధపడింది.

ఆ ఆదివారమే కొత్త పద్ధతిలో మొదటి మ్యాచు. ఎ షిఫ్టులో దాలినాయుడు మాస్టారు ఈల నోట్లో పెట్టుకుని పదిమందినీ ముందుకి తోలేశారు. మావాళ్ళు దుమ్ము లేపారు, నిజం చెప్పాలి. షిఫ్టు మారే వేళకి సన్యాసిరావు వచ్చి మాస్టారి పక్కన నిలబడ్డాడు. మిల్లు పద్ధతి ప్రకారం ఇద్దరూ చార్జి అప్పగింత మొదలుపెట్టారు. ఎవడి కాలు బెణికింది, ఎవడికి రొప్పు, బంతిలో గాలెంతుంది, అన్నీ ఒకరు చెబుతుంటే ఒకరు తలూపుతున్నారు. మావాళ్ళు పదకొండుమందీ ఇప్పుడు ఎవరి మాట వినాలో తెలీక గట్టు వైపే చూస్తూ నిలబడ్డారు. నేను మర్యాదగా, “ప్రస్తుతం చార్జి అప్పగింత జరుగుతోంది, ప్రేక్షకులు సహకరించవలసిందిగా కోరుతున్నాం” అని మైకులో చెప్పాను. ప్రేక్షకులు సహకరించారు. అవతలి జట్టు సహకరించలేదు. బంతి మా వలలో పడింది.

తర్వాత సన్యాసిరావు “వచ్చీండి, వచ్చీండి, ఎనక్కొచ్చీండి!” అంటూ అందర్నీ గోలు ముందు గుంపుగా నిలబెట్టాడు. ఆ గుంపులోంచి బయటికి రావడం మా కీపరుకే కష్టమైంది. ఆఖరి షిఫ్టులో కోటిలింగం వచ్చి, బంతి కీపరు దగ్గర్నించి మొదలుపెట్టాలన్నాడు. కీపరు తన్నాడు. అది వెళ్ళి రోడ్డు మీద పడింది. ఆటోవాడు తెచ్చిచ్చాడు పాపం.

ఓడిపోయాం. మర్నాడు టీకొట్టులో చర్చ జరిగింది. మూడు బల్లలవాళ్ళూ తమ కోచ్ బ్రహ్మాండంగా చేశాడనీ, మిగతా ఇద్దరూ ఏడ్చినట్టుగా చేశారనీ తేల్చారు. భుజంగరావు గారు ఇంకో అడుగు ముందుకేసి, “లోపం వ్యక్తులలో లేదు, అప్పగింతలో ఉన్నది” అన్నారు. అప్పగింత చప్పున జరగాలంటే సైరన్ ఉండాలిట. మిల్లులో షిఫ్టు మారితే మోగే సైరన్ ఇక మీదట గ్రౌండులో కూడా మోగాలని ఉత్తర్వు వేశారు.

అంతలో ఇంకో తగాదా. హాఫ్‌టైం బి షిఫ్టు మధ్యలో పడుతుంది కదా, దాంతో టీ, బిస్కట్లు సన్యాసిరావుకే దక్కుతున్నాయి. “టీ వాళ్ళకేనా, మేం మనుసులం కామా?” అని ఎ, సి షిఫ్టులవాళ్ళు గేటు దగ్గర కూర్చున్నారు. యాజమాన్యం దిగొచ్చి ప్రతి షిఫ్టుకీ టీ ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆట ఆపనని రెఫరీ మొండికేశాడు. చేసేది లేక, ఆట జరుగుతుండగానే కోచ్‌లు ఆట వైపు వీపు పెట్టి టీ తాగడం మొదలుపెట్టారు. ఉత్తర్వులో టీ విరామం అని ఉంది మరి. విరామం అన్నాక ఆట వైపు చూడకూడదు కదా!

కోచ్‌లు ముగ్గురైతే విభాగాలు ఊరుకుంటాయా? నార నానబెట్టేవాళ్ళు, దారం వడికేవాళ్ళు, గోనె కుట్టేవాళ్ళు, అందరూ తమ మనిషి ఒకడు ఉండాలన్నారు. “మేం కుట్టకపోతే సంచే లేదు. మాకొక కోచ్ ఉండడేటి?” అని కుట్టు విభాగం ఆడవాళ్ళు భుజంగరావు గారి గది ముందు అడిగిన తీరుకి ఆయన అక్కడికక్కడే మంజూరు చేసేశారు. షిఫ్టుకి ఇంతమంది చొప్పున సహాయ కోచ్‌లు వచ్చి బెంచీ నిండిపోయింది. చోటు చాలక, మార్చి దించాల్సిన ఆటగాళ్ళని గ్యాలరీలోకి పంపించారు. వాళ్ళు వేరుశనక్కాయలు తింటూ జనంతోపాటు కోచ్‌ల్ని తిట్టారు.

ఇక సైరన్ సంగతి. జూట్ మిల్లు మనిషికి సైరన్ చెవిన పడిందంటే చెయ్యీ కాలూ వాటంతటవే ఆగిపోతాయి. మైదానంలో మొదటిసారి మోగిన రోజున మావాళ్ళు పదకొండుమందీ ఆట మధ్యలో నిలబడిపోయి, చేతులు దులుపుకుని, నుదురు తుడుచుకున్నారు. ఒకడైతే చెప్పుల కోసం వెతుక్కున్నాడు. అవతలివాళ్ళు మొదట నోరెళ్ళబెట్టారు. ఆ తర్వాత తీరిగ్గా గోలు కొట్టుకున్నారు.

భుజంగరావు గారు వెంటనే ఇంకో ఉత్తర్వు ఇచ్చారు: “సైరన్ శిక్షకులకు మాత్రమే వర్తించును. ఆటగాళ్ళు సదరు సైరన్‌ను వినినట్లు భావించరాదు.” నేను దాన్ని మూడుసార్లు మైకులో చదివాను. చదువుతున్నంతసేపూ నాకే సిగ్గేసింది. చెవులకి ఉత్తర్వులేం తెలుస్తాయి?

ఆ సాయంత్రం తవిటినాయుణ్ణి పట్టుకుని దులిపేశాను. “ఏరా, బుద్ధుందా? సైరన్ మోగితే ఆగిపోవడమేటి, నీ పర్మినెంటు నువ్వే తన్నేసుకుంటావేటి?”

వాడు తలొంచుకున్నాడు. “నానేటి సెయ్యను మావా. మగ్గం కాడైతే రిలీవరొచ్చి చెయ్యేసీవరకు మగ్గం ఒగ్గకూడదు, నడిపీయాల. ఇక్కడ సైరన్ అవకముందే అవతలి షిఫ్టోడు వచ్చీసి నిల్చుంటన్నాడు. ఆణ్ణి సూస్తే ఇంక నా పని అయిపోనాదనిపిస్తంది. కాలు కదల్దు.”

మిల్లులో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు తెలీదా? నడుస్తున్న మగ్గాన్ని రిలీవరు, అంటే తర్వాతి షిఫ్టు మనిషి, రాకుండా వదిలేస్తే దారాలు తెగిపోతాయి, ఒక్కోసారి పక్కవాడి వేళ్ళు కూడా పోతాయి. చిన్నప్పట్నించీ ఒంట్లో ఇంకిపోయిన సంగతి అది. ఇంటికొచ్చి, చెల్లెలు అడిగితే అంతా బాగానే ఉందని అబద్ధం చెప్పాను.

ఆఖరి మ్యాచు చేపలరేవు జట్టుతో. లీగులో అట్టడుగున మేం, మా నెత్తిమీద వాళ్ళు. మేం గెలిస్తే వాళ్ళు కిందికి పోతారు. డ్రా అయితే చాలు, వాళ్ళు బతికిపోతారు, మా జట్టు ఎత్తేస్తారు. ఊరంతా గ్రౌండులోనే ఉంది. మా చెల్లెలు ఎప్పుడూ ఆట చూడ్డానికి రాదు, ఆవేళ వచ్చి ముందు వరసలో కూర్చుంది.

ఎ షిఫ్టు అయింది, బి షిఫ్టు అయింది, టీలయ్యాయి. ఎవరూ గోలు కొట్టలేదు. సి షిఫ్టు కూడా చివరికొచ్చింది. దెబ్బలకీ, తగాదాలకీ పోయిన సమయం ఉందని, తొంభై తర్వాత ఇంకో నాలుగు నిమిషాలు ఆడిస్తున్నట్టు రెఫరీ చేత్తో చూపించాడు. దాన్ని ఇంజురీ టైము అంటారు. రెఫరీ వేళ్ళ వైపు మా బెంచీ మీద ఒక్కడు కూడా చూడలేదు.

సరిగ్గా అప్పుడే తవిటినాయుడు బంతి అందుకున్నాడు. ఒకణ్ణి దాటాడు, ఇంకొకణ్ణి దాటాడు. ముందు కీపరు తప్ప ఎవడూ లేడు. నేను మైకులో ఏమరిచానో నాకే తెలీదు. వాడు కాలెత్తాడు.

సైరన్ మోగింది.

ఎత్తిన కాలు మెల్లిగా దిగింది. మావాడు బంతిని అక్కడే ఆపి, చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. మిగతా పదిమందీ అంతే. బెంచీ మీద కోటిలింగం, వాడి సహాయకులు లేచి బట్టలు దులుపుకుని గేటు వైపు నడిచారు. షిఫ్టు అయిపోయింది కదా. ఆట ముగిసిందనుకుని రేవు జట్టు కీపరు నేలమీద కూలబడి దండం పెట్టుకున్నాడు, వాళ్ళ మనుషులు ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకుంటున్నారు. రెఫరీ ఒక్కడే వాచీ చూసుకుంటున్నాడు. వాడి ఈల ఇంకా మోగలేదు.

మా చెల్లెలు కొంగు నోట్లో కుక్కుకోవడం కనబడింది. నా ఒళ్ళు భగ్గున మండింది. తన్నరా వెధవా అందామనుకున్నాను. అంటే కదులుతాడా వీడు? అప్పుడు బెంచీ వైపు చూశాను. సి షిఫ్టు వెళ్ళిపోయింది. మా మిల్లులో నాలుగో షిఫ్టు లేదు. బెంచీ ఖాళీ.

“తవిటీ!” అని గొంతు చించుకుని అరిచాను. “రిలీవరు రాలేదు! రిలీవరు రాలేదురోయ్! ఒగ్గకు, నడిపీయ్!”

వాడు చటుక్కున తల తిప్పి బెంచీ చూశాడు. అక్కడ మనిషన్నవాడు లేడు. మగ్గం వదిలేసిన మనిషిలా కంగారుపడిపోయి, గిర్రున తిరిగి బంతిని ఒక్క తన్ను తన్నాడు. దండం పెట్టుకుంటున్న కీపరు కళ్ళు తెరిచేసరికి బంతి వలలో ఉంది. రెఫరీ గోలిచ్చాడు. ఆ తర్వాత ఏం జరిగిందో నన్నడక్కండి, నేను మైకు పట్టుకునే ఏడ్చాను. ఊరంతా విన్నారుట.

జట్టు నిలబడింది. వారం తిరక్కుండా టీకొట్టులో కొత్త తగువు మొదలైంది. ఆ గోలు ఎవరి షిఫ్టుది? మళ్ళీ తెల్లారేదాకా సి షిఫ్టే కాబట్టి మాదే అన్నారు సి షిఫ్టువాళ్ళు. దానికీ దీనికీ సంబంధమేమిటో నాకు తెలీదు. సి తర్వాత వచ్చేది ఎ షిఫ్టే కదేటి అన్నారు ఎ షిఫ్టువాళ్ళు. తవిటినాయుడు ఎక్కువగా బి షిఫ్టులోనే బద్లీ చేస్తాడు కాబట్టి మాదే అన్నారు బి షిఫ్టువాళ్ళు. భుజంగరావు గారు విచారణ జరిపారు.

“సదరు గోలు ఏ షిఫ్టు పరిధిలోనూ లేని కాలంలో, ఎటువంటి పర్యవేక్షణా లేని పరిస్థితులలో సంభవించినది,” అని ఆయన తేల్చారు. “ఇది వ్యవస్థలోని తీవ్రమైన లోపం. ఇటువంటిది పునరావృతం కారాదు.”

లోపాన్ని పూడ్చడానికి కొత్త ఉద్యోగం ఒకటి సృష్టించారు. ఇంజురీ టైము కోచ్. పర్మినెంటు పోస్టు. దానికి తగిన అనుభవం జిల్లా మొత్తం మీద ఒక్కడికే ఉందని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.

తవిటినాయుడు పర్మినెంటయ్యాడు. భుజంగరావు గారు మా చెల్లెల్ని స్వయంగా పిలిచి, “అమ్మా, ఇక బెంగ వద్దు. పర్మినెంటు మనిషిని తొలగించుట మా చేతుల్లో కూడా లేదు” అని చెప్పారు. అది ఆనందం పట్టలేక వీధంతా లడ్లు పంచింది. లడ్డు నోట్లో ఉండగా నేను ఉత్తర్వు అడుగున ఉన్న వాక్యం చూశాను. కోచింగ్ విభాగంలో పర్మినెంటు అయిన వ్యక్తి మైదానంలో దిగి బంతి తన్నరాదు.

పరుగున వెళ్ళాను. “అయ్యా, ఆ గోలు కొట్టింది వాడే. వాణ్ణి కూర్చోబెట్టేస్తే ఇక కొట్టేదెవరండీ?”

“జగ్గారావు గారూ,” అన్నారాయన జాలిగా. “సంస్థ అన్నది వ్యక్తుల మీద ఆధారపడకూడదు.”

కొత్త సీజన్ మొదటి మ్యాచు మొన్ననే అయింది. మావాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో ఈల తగిలించుకుని తొంభై నిమిషాలూ బెంచీ చివర కూర్చున్నాడు. నోరు మెదపలేదు, వాడి షిఫ్టు ఇంకా రాలేదు కాబట్టి. కాళ్ళు మాత్రం బెంచీ కింద ఒకటే ఆడుతున్నాయి.

“ఎలగుందిరా?” అని పక్కకెళ్ళి అడిగాను.

“అమ్మ బాగుంది మావా,” అన్నాడు. “నేనడిగింది నీ సంగతిరా” అంటే బంతినే చూస్తున్నాడు.

సైరన్ మోగింది. వాడు లేచి చార్జి తీసుకున్నాడు. ముందు వరసలో వాడి చోట ఆడుతున్న కొత్త మనిషి ఖాళీ గోలు ముందు బంతిని గోడవతలికి తన్నాడు. ఆ మరుక్షణమే అవతలివాళ్ళు వచ్చి మాకు గోలు వేసేశారు. ఓడిపోయాం.

ఎ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు అని లేకుండా గ్యాలరీ గ్యాలరీ అంతా లేచి ఒక్క గొంతుతో అరిచింది. “పీకియ్యండి ఆణ్ణి! ఆ కోచ్‌ని పీకియ్యండి!”

మా చెల్లెలు వింటే ఏమైపోతుందో అనిపించింది. వాడికి గుండె పగిలుంటుందని మైకు పడేసి పరిగెత్తాను. వెళ్ళి చూద్దును కదా, తవిటినాయుడు గ్యాలరీ వైపు తిరిగి నిలబడి, మొహం వెలిగిపోతుంటే, రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాడు.

“ఇంకా గట్టిగా అనండి బావూ! ఆఫీసులోకి ఇనబడాల, ఇంకా గట్టిగా!”